రోటే దీవి పల్లెల్లో ఉండిపోయే యువతకు భవిష్యత్తు ఉందా?

తీరవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో మత్స్యకార మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చినప్పటి నుంచి మా దగ్గర సముద్రపు నాచు సాగు మీద సమావేశం జరిగిన ప్రతిసారీ ఇండోనేషియా ప్రస్తావన వస్తోంది. అక్కడి దీవుల్లో నిరుపేద కుటుంబాలు నాచు సాగుతో పక్కా ఇళ్ళు కట్టుకున్నాయని, పిల్లల్ని చదివించుకున్నాయని చెబుతున్నారు. మా ఆడవాళ్ళు ఆ మాటలు విని ఆశపడుతున్నారు. వారి ఆశకు నేను కూడా కొంత బాధ్యుణ్ణి కనుక, అక్కడి సంగతి సరిగ్గా తెలుసుకోవాలని ఇండోనేషియాకు దక్షిణపు కొసన ఉన్న రోటే దీవి గురించి కొంతకాలంగా చదువుతున్నాను.

చదివేకొద్దీ సందేహాలు పెరిగాయి. దీవి మొత్తానికి జనాభా 2020 లెక్కల ప్రకారం లక్షా నలభై వేల పైచిలుకు. పెద్ద ఆసుపత్రి కావాలన్నా, పెద్ద విశ్వవిద్యాలయం కావాలన్నా సముద్రం దాటి తిమోర్ దీవిలోని కుపాంగ్ నగరానికి వెళ్ళాలి. పడమటి తీరంలోని నెంబెరాలా, ఒయెంగ్గావుత్ వంటి పల్లెల్లో పుట్టిన ఇరవై ఏళ్ళ అబ్బాయి గాని అమ్మాయి గాని ఊళ్ళోనే ఉండి గౌరవంగా బతకగలరా, లేక ఊరు విడిచి వెళ్ళడమే వారికి మిగిలిన దారా అన్నది నా ప్రశ్న. ఆ ప్రాంతం ఎరిగినవారు ఎవరైనా అక్కడి జీవనం ఎలా సాగుతుందో, ఏది నిలబెడుతోందో, ఏది దెబ్బతీస్తోందో వివరంగా చెబితే రుణపడి ఉంటాను.

తూర్పుదీవులు

తీరవాసి గారూ, నేను ఉద్యోగరీత్యా కుపాంగ్‌లో ఉన్న రోజుల్లో రోటేకు తరచుగా వెళ్ళేవాణ్ణి. మీ సమావేశాల్లో చెబుతున్నది అబద్ధం కాదు, కానీ అది సగం కథ. మిగతా సగం తెలియాలంటే నాచు దగ్గర కాకుండా తాటిచెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

రోటేలో వానలు ప్రధానంగా డిసెంబరు నుంచి మార్చి వరకే పడతాయి. ఆ తర్వాత నెలల తరబడి ఆకాశం నుంచి చుక్క రాలదు. ఊటలున్న చోట వరి, మిగిలిన చోట్ల మొక్కజొన్న పండిస్తారు గాని ఆ పంటలను మాత్రమే నమ్ముకుంటే ఏటా కొన్ని నెలలు పస్తులు తప్పవు. ఆ లోటును తీర్చింది మన కోస్తా వాళ్ళకు బాగా తెలిసిన తాటిచెట్టే. వానలు తగ్గాక మగవాళ్ళు పొద్దునా సాయంత్రమూ చెట్లెక్కి, గెలను నొక్కి, కొస గీసి, తాటాకుతోనే కుట్టిన బుట్టల్లోకి కల్లు దించుతారు. ఆడవాళ్ళు దాన్ని పులియనివ్వకుండా మట్టిపొయ్యిల మీద గంటలకొద్దీ కాచి పాకం చేసి కుండల్లో నిల్వ ఉంచుతారు. పంట చేతికి రాని రోజుల్లో ఆ పాకాన్ని నీళ్ళలో కలుపుకుని తాగితే అదే ఒక పూట భోజనం. అదే రసం పందులకు కూడా మేత అవుతుంది. ఇంటికప్పు, నీళ్ళు తోడే చేద, నెత్తిన పెట్టుకునే టోపీ, సాసాండో వాద్యం వెనుక నాదాన్ని నింపే గుల్ల, అన్నీ తాటాకువే. పొరుగున ఉన్న తిమోర్, సుంబా దీవుల కంటే రోటే, సావు దీవులు ఎక్కువ మందిని పోషించగలగడానికి ఈ చెట్టే కారణమని ఆ ప్రాంతాన్ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్తలు రాశారు. నేను చూసినంతలో అది పూర్తిగా నిజం.

ఇక నాచు సంగతి. పడమటి రోటేలో ఈ సాగు సుమారు పాతికేళ్ళుగా ఊపందుకుంది. అక్కడ పెంచేది ప్రధానంగా కప్పాఫైకస్ జాతి, ఊళ్ళో వాళ్ళు కొటోనీ అంటారు. ఐస్‌క్రీముకు, టూత్‌పేస్టుకు చిక్కదనాన్నిచ్చే క్యారగీనన్ అనే పదార్థాన్ని దీని నుంచే తీస్తారు. పొడవాటి నైలాన్ తాళ్ళకు జానెడు జానెడు దూరంలో పిలకలు కట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలను తేలుడు బుడ్లుగా వాడి, తీరానికి దగ్గరలో లోతు తక్కువగా ఉన్న నీళ్ళలో పరుస్తారు. నలభై అయిదు రోజులకు కోత. పిలకలు కట్టే పని దాదాపు అంతా ఆడవాళ్ళదే. పొద్దున్నే ఇంటి ముందు తాటాకు పందిరి కింద నలుగురైదుగురు కూర్చుని, తడి నాచు గుట్ట మధ్యలో పోసుకుని, మాటల మధ్య వేళ్ళు ఆగకుండా ముడులు వేస్తుంటారు. పిల్లలు బడి నుంచి వచ్చాక ఒకటి రెండు తాళ్ళు కడితే తాడుకింత అని వాళ్ళ చేతిలోనూ డబ్బులు పడతాయి. పోటు దిగినప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళకు పట్టిన పాచి దులపాలి. ఆ పోటు అర్ధరాత్రి దిగితే అర్ధరాత్రే వెళ్ళాలి. కోసిన నాచును వెదురు మంచెల మీద ఆరబెడతారు. ఏడెనిమిది కిలోల పచ్చి నాచు ఎండితే ఒక కిలో మిగులుతుంది. నడుమ ఒక్క వాన పడినా సరుకు తెల్లబారి, ధర తెగ్గోస్తారు.

ఈ డబ్బుతో ఇళ్ళు లేచిన మాట, మోటారుసైకిళ్ళు వచ్చిన మాట, పిల్లలు కుపాంగ్‌లో చదువుకుంటున్న మాట నేను కళ్ళారా చూశాను. ముఖ్యంగా ఆడవాళ్ళకు తమ చేతి మీదుగా నగదు రావడం ఇదే మొదలు. దాని విలువను ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ధర మాత్రం ఊళ్ళో తేలదు. ఊళ్ళో కొనే వ్యాపారి కుపాంగ్ వ్యాపారికి అమ్ముతాడు, అతను సురబాయా, మకస్సార్ నగరాలకు పంపుతాడు, అక్కడి నుంచి అధిక భాగం ముడి సరుకుగానే చైనాకు వెళ్తుంది. 2022లో ఎండు నాచు ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. మరుసటి ఏడాది సగానికి పైగా పడిపోయింది. ఎందుకు పెరిగిందో, ఎందుకు పడిందో తీరంలో ఉన్నవారికి చెప్పేవారు లేరు. నీళ్ళు వేడెక్కినప్పుడు కొమ్మలు తెల్లబడి విరిగిపోయే ‘ఐస్ ఐస్’ తెగులు ఒకటి ఉంది. అది సోకితే మడి మొత్తం కొన్ని రోజుల్లోనే పోతుంది.

నన్ను కలవరపెట్టింది ఏమిటంటే, నాచు ధర బాగున్న ఏళ్ళలో యువకులు చెట్లెక్కడం మానేశారు. గీయడం ప్రమాదకరమైన పని, చిన్నతనం నుంచి నేర్చుకుంటే గాని రాని పని. ఒక తరం మానేస్తే, నాచు పోయిన ఏడాది మళ్ళీ చెట్టు వైపు చూసినా ఎక్కగలిగేవాడు ఇంట్లో ఉండడు. రోటే పల్లె ఏ రోజూ ఒక్క ఆదాయం మీద బతకలేదు. పాకం, పంది, మొక్కజొన్న, చేప, బయట ఉద్యోగం చేసే కొడుకు పంపే డబ్బు, ఇవన్నీ కలిస్తేనే అక్కడ సంసారం నడుస్తుంది. మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడే ఉంది: ఈ కలగలుపు నిలిచినంత కాలం అక్కడ ఉండిపోయే యువతకు బతుకు ఉంది. అది పోయి నాచు ఒక్కటే మిగిలిన ఇంటికి మాత్రం లేదు.

న్యాయపథం

తూర్పుదీవులు గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన ఉదంతం చేర్చాలి. నేను సముద్ర చట్టాల మీద పరిశోధన చేస్తూ రోటే వ్యాజ్యాన్ని శ్రద్ధగా చదివాను.

2009 ఆగస్టు 21న తిమోర్ సముద్రంలో, ఆస్ట్రేలియా జలాల్లో ఉన్న మోంటారా చమురు క్షేత్రంలో ఒక బావి పేలి, నవంబరు 3 దాకా చమురు సముద్రంలోకి కారుతూనే ఉంది. ఆ చోటు రోటేకు సుమారు రెండు వందల యాభై కిలోమీటర్ల దూరం. కొద్ది వారాల్లో రోటే తీరంలోనూ, కుపాంగ్ జిల్లా తీరంలోనూ నాచు తెల్లబడి చచ్చిపోయింది. చమురు తమ తీరం దాకా చేరిందని రైతులు చెప్పిన మాటను ఆ బావిని నడిపిన కంపెనీ ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. ఒయెంగ్గావుత్ గ్రామానికి చెందిన నాచు రైతు డేనియల్ సాండా, పదిహేను వేల మందికి పైగా రైతుల తరఫున, ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో 2016లో దావా వేశారు. నాచు నశించడానికి ఆ చమురే కారణమనీ, బావిని సరిగ్గా మూయకపోవడంలో కంపెనీ నిర్లక్ష్యం ఉందనీ 2021 మార్చిలో కోర్టు తీర్పు చెప్పి, సాండాకు సుమారు 25 కోట్ల 30 లక్షల ఇండోనేషియా రుపియాల నష్టపరిహారం, దానిపై వడ్డీ ప్రకటించింది. మిగతా రైతుల విషయంలో 2022 నవంబరులో 19 కోట్ల 25 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది.

ఇది గొప్ప విజయం, అందులో సందేహం లేదు. తాళ్ళకు నాచు కట్టుకునే ఒక రైతు మరొక దేశపు న్యాయస్థానంలో చమురు సంస్థ మీద గెలిచిన సందర్భాలు అరుదు. కానీ పదమూడేళ్ళు గడిచాయన్నది కూడా గమనించండి. 2009లో మడి పోగొట్టుకున్నప్పుడు మూడో తరగతి చదువుతున్న పిల్లవాడు రాజీ కుదిరేనాటికి ఇరవై దాటిన యువకుడు. ఆ మధ్యకాలంలో అతని చదువు ఆగిందా, అప్పు ఎంత పెరిగింది అన్నవాటికి, ఖర్చులు పోను చేతికొచ్చిన పరిహారం ఎంతవరకు జవాబు చెబుతుంది?

తూర్పు కొసన ఉన్న పపేలా గ్రామానిది ఇంకో రకమైన ఇబ్బంది. అక్కడ బజో, బుటోన్, బుగిస్ మూలాలున్న ముస్లిం మత్స్యకారులు ఎక్కువ. వారి పూర్వీకులు తరతరాలుగా దక్షిణాన ఆష్‌మోర్, స్కాట్, సెరింగపటం దిబ్బల దాకా వెళ్ళి సముద్రపు దోసకాయలు, ట్రోకస్ గవ్వలు, సొరచేప రెక్కలు తెచ్చేవారు. తర్వాత ఆ జలాలు ఆస్ట్రేలియావి అయ్యాయి. రెండు దేశాల మధ్య కుదిరిన 1974 ఒప్పందం ప్రకారం సంప్రదాయ మత్స్యకారులు కొన్ని దిబ్బల దగ్గర వేటాడవచ్చు గాని ఇంజను లేని తెరచాప పడవలతోనే వెళ్ళాలి. ఆష్‌మోర్ 1983లో రక్షిత ప్రాంతమైంది, ఆ తర్వాత అక్కడ వేటను దాదాపు నిషేధించారు. హద్దు దాటి పట్టుబడితే పడవను తగలబెట్టేస్తారు. ఆ పడవ చాలాసార్లు షావుకారు పెట్టుబడి, కాబట్టి జైలు నుంచి తిరిగి వచ్చినవాడు అప్పుతోనే ఊళ్ళో అడుగుపెడతాడు. ఆ అప్పు తీర్చే దారి కనిపించని యువకులకు శరణార్థుల పడవల మీద సరంగు పని ఇస్తామని దళారులు ఎర వేశారు. అలా వెళ్ళి పట్టుబడిన ఇండోనేషియా బాలలను మణికట్టు ఎక్స్‌రేల ఆధారంగా పెద్దలుగా లెక్కగట్టి ఆస్ట్రేలియా నిర్బంధంలో ఉంచింది. 2023లో వారికి 2 కోట్ల 75 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇవ్వడానికి రాజీ కుదిరింది. రోటే యువత భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు ఈ హద్దు గీతను వదిలేసి మాట్లాడటం కుదరదు.

తీరవాసి

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. చమురు కేసు గురించి పేరు విన్నాను గాని ఇంత వివరం తెలియదు. ఇంకో రెండు విషయాలు అడగాలని ఉంది. ఒకటి, అక్కడి ఆరోగ్యం, తాగునీరు ఎలా ఉన్నాయి? రెండు, ఊరు విడిచి వెళ్ళేవారు ఎక్కడికి వెళ్తున్నారు, వెళ్ళినవారు తిరిగి వస్తున్నారా? ముఖ్యంగా ఆడపిల్లల పరిస్థితి తెలిసినవారు చెప్పగలరు.

సేవాపథం

నేను ప్రజారోగ్య రంగంలో ఉన్నాను. రోటే ఉన్న తూర్పు నుసా తెంగారా రాష్ట్రంలో పిల్లల పోషకాహారం మీద పనిచేసిన బృందంలో కొంతకాలం ఉన్నాను కనుక ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను.

2022 జాతీయ పోషకాహార సర్వేలో ఇండోనేషియా మొత్తం మీద వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు 21.6 శాతం ఉంటే, ఈ రాష్ట్రంలో 35.3 శాతం ఉన్నారు. దేశంలో అదే అత్యధికం. చేపలు దొరికే దీవుల్లో ఇలా ఎందుకుందని అడుగుతారు. దొరికిన మంచి చేప అమ్మకానికి వెళ్తుంది, ఇంట్లో పిల్లవాడికి అన్నమూ నూడుల్సూ మిగులుతాయి. పైగా తల్లి నాచు మడిలో ఉన్నప్పుడు చంటిబిడ్డకు తినిపించేది అమ్మమ్మో అక్కో. ఆడవాళ్ళ చేతికి నగదు వచ్చింది నిజమే, అదే సమయంలో వాళ్ళ రోజులో తీరిక తగ్గింది. మీ సంఘాల్లో నాచు మొదలుపెట్టేటప్పుడు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోండి. ఎండాకాలం చివరికొచ్చేసరికి తీరానికి దగ్గరగా ఉన్న బావులు ఉప్పదేరతాయి. అప్పుడు డబ్బున్నవారు ట్యాంకరు నీళ్ళు కొంటారు, లేనివారి ఇళ్ళలో ఆడపిల్లలు బిందెలు మోస్తారు.

2014లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా వల్ల వైద్యానికి అయ్యే ఖర్చు భయం చాలావరకు తగ్గింది, ఇది నిజంగా మెచ్చుకోవలసిన మార్పు. కానీ కాన్పు కష్టమైతే బీమా కార్డు సముద్రం దాటించలేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడమటి గాలులు వీచేటప్పుడు అలలు ఎత్తుగా లేస్తాయి, వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే ఫెర్రీలు ఆగిపోతాయి. నెలలు నిండిన గర్భిణిని ముందుగానే కుపాంగ్‌లో బంధువుల ఇంట్లో దింపి రావడం అక్కడ చాలా కుటుంబాలు చేసే ఏర్పాటు. బంధువులు లేనివారు ఊళ్ళోనే ఉండి వాతావరణం అనుకూలించాలని ప్రార్థిస్తారు.

చదువు విషయంలో రోటేది ప్రత్యేకమైన చరిత్ర. 18వ శతాబ్దంలోనే స్థానిక రాజులు క్రైస్తవం స్వీకరించి మలయు భాషలో బడులు పెట్టించుకున్నారు. అందువల్ల డచ్చివారి కాలం నుంచే కుపాంగ్‌లో బడి పంతుళ్ళు, చర్చి పాస్టర్లు, గుమాస్తాలు అంటే రోటే వాళ్ళే ఎక్కువగా కనిపించేవారు. గజా మదా విశ్వవిద్యాలయానికి రెక్టరుగా పనిచేసి, 2009లో జాతీయ వీరుడిగా గుర్తింపు పొందిన శాస్త్రవేత్త హెర్మన్ యోహానెస్ ఈ దీవిలో పుట్టినవారే. ఇండోనేషియా కేంద్ర బ్యాంకు గవర్నరుగా చేసిన అడ్రియానస్ మోయ్ కూడా రోటే బిడ్డే. ఇంత పేరున్నా, అక్కడ చదువు అంటే మొదటి నుంచీ బయటికి వెళ్ళే దారే. చదువుకున్నవాడికి ఊళ్ళో ఉన్న ఉద్యోగాలు బడిలో, ఆరోగ్య కేంద్రంలో, గ్రామ కార్యాలయంలో మాత్రమే.

చదువు మధ్యలో ఆగినవారి సంగతి వేరు. ఈ రాష్ట్రం నుంచి వేల మంది మలేషియా పామాయిల్ తోటలకు, ఇళ్ళలో పనికి వెళ్తున్నారు, చాలామంది సరైన కాగితాలు లేకుండా వెళ్తున్నారు. ఏటా పదుల సంఖ్యలో వారి శవపేటికలు కుపాంగ్ విమానాశ్రయానికి చేరుతున్నాయి. అక్కడి చర్చి సన్యాసినులు కొందరు ఏ వేళ అయినా ఆ పేటికలను ఎదురువెళ్ళి అందుకుని ప్రార్థన చేసి ఊళ్ళకు పంపిస్తున్నారు. ఆడపిల్లల్ని దళారులు ఎలా తీసుకెళ్తారో మన గల్ఫ్ వలస గురించి తెలిసిన గోదావరి, కడప జిల్లాల వారికి నేను విడమర్చి చెప్పనక్కరలేదు. ముందుగా ఇంటివాళ్ళ చేతిలో కొంత డబ్బు పెడతారు, ఆ తర్వాత పాస్‌పోర్టులో వయసు మారుతుంది.

వెళ్ళినవారిలో తిరిగి వచ్చేవారూ ఉన్నారు. అయితే పెళ్ళికి వరుడి వైపు వారు ఇవ్వవలసిన బెలిస్ అనే కన్యాశుల్కం కోసం, అంత్యక్రియల విందుల కోసం అప్పు చేయవలసి వచ్చి, తెచ్చిన డబ్బు ఖర్చయి మళ్ళీ వెళ్ళినవారిని కూడా చూశాను.

ఉప్పుమడి

మా కుటుంబం చినగంజాం దగ్గర ఉప్పు పండించేది, అందుకే ఈ చర్చ చదువుతూ ఒక విషయం చెప్పాలనిపించింది. 2025లో ఇండోనేషియా సముద్ర వ్యవహారాల, మత్స్య శాఖ రోటేను జాతీయ ఉప్పు కేంద్రంగా ఎంచుకుని, పది వేల హెక్టార్ల స్థాయిలో ఉప్పు క్షేత్రాలు అభివృద్ధి చేస్తామని ప్రకటించింది. ఉప్పు దిగుమతులు మానుకోవడం వారి లక్ష్యం. ఎండ ఎక్కువ, వాన తక్కువ కాబట్టి రోటే దానికి అనువైన చోటే.

అక్కడ యువతకు పని దొరుకుతుందనడంలో అనుమానం లేదు. కానీ ఉప్పుమడిలో పని ఎలా ఉంటుందో మేం ఎరుగుదుం. ఎండాకాలమంతా చేతినిండా పని ఉంటుంది, వాన పడగానే ఆగిపోతుంది, కాళ్ళు పగులుతాయి, కళ్ళు మండుతాయి. కాబట్టి ఎంతమందికి పని అన్నది కాదు, మడి ఎవరి పేరున ఉంటుందన్నది అడగాలి. నేల తమదై వాటా వస్తే అది జీవనాధారం, నేల పోయి కూలి మాత్రమే మిగిలితే అది మరో వలస కిందే లెక్క. రోటే ఎండాకాలంలోనే తాటి గీత కూడా సాగుతుందని తూర్పుదీవులు గారు రాశారు. రెండూ ఒకే నెలల్లో వస్తే యువకుడు దేనివైపు మొగ్గుతాడో ఊహించవచ్చు. నెంబెరాలాలో అలల మీద ఆడే విదేశీయుల కోసం విడిది గృహాలు వచ్చాక తీరం వెంబడి భూములు చేతులు మారాయని విన్నాను. అక్కడ కూడా ఇదే ప్రశ్న ఉంటుందనుకుంటాను.

తూర్పుదీవులు

ఉప్పుమడి గారూ, మీరు విన్నది నిజమే. నెంబెరాలాలో తీరం వెంట భూమి అమ్ముకున్న కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఆ విడిది గృహాల్లోనే వంటవాళ్ళుగా, పడవ నడిపేవాళ్ళుగా ఉన్నారు. అమ్మకుండా రెండు గదులు కట్టుకుని సొంతంగా అతిథులను ఉంచుకున్నవారు కూడా కొందరున్నారు, వాళ్ళ పరిస్థితి మెరుగ్గా ఉంది. ఇంకో మాట. నాచు మడులకు కావలసిన లోతు తక్కువ నీరు, అలల క్రీడకు వచ్చేవారు దిగే తీరం పక్కపక్కనే ఉంటాయి కనుక ఎవరి తాళ్ళు ఎక్కడిదాకా అన్న తగవులు మొదలయ్యాయి.

గ్రామం చేతిలో బొత్తిగా ఏమీ లేదని మాత్రం అనుకోవద్దు. 2014 గ్రామ చట్టం వచ్చాక 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం నేరుగా ప్రతి గ్రామానికీ నిధి పంపుతోంది. దానితో లోపలి రోడ్లు, బావులు, నీటి తొట్లు వచ్చాయి. మొదట్లో చాలా ఊళ్ళు ఆ డబ్బును సిమెంటు పనులకే వాడాయి. నాచు గోదాములకు, ఎండబెట్టే మంచెలకు వాడిన ఊళ్ళు తక్కువ. కానీ యువతకు నిజంగా పనికొచ్చేది అదేనని నా అభిప్రాయం.

తీరవాసి గారూ, మీ సంఘాల కోసం ఒక సూచన చేస్తాను. బాగా ఎండబెట్టి తేమ ముప్పై అయిదు శాతానికి మించకుండా, ఇసుక లేకుండా సంచుల్లో కట్టిన నాచు పొడి గదిలో కొన్ని నెలలు చెడకుండా ఉంటుంది. రోటేలో ధర పడినప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువమంది పెట్టుబడికి వ్యాపారి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని, కోసిన వారంలోనే అతనికే అమ్మవలసి వచ్చినవారు. కాబట్టి మొదటి తాడు నీళ్ళలో వేయకముందే సంఘం పేరిట ఒక గోదాము, రెండు కోతలకు సరిపడే సొంత పెట్టుబడి ఏర్పాటు చేసుకోండి. ఎండుచేపల వ్యాపారం చేస్తున్నవారిని మాత్రం, కనీసం మొదటి రెండేళ్ళు, అది మాననివ్వకండి.